పెదవి పరీక్ష

విశ్వంలో ఏ కాలంలో ఎన్ని నక్షత్రాలు పుట్టాయో చూపించే ఆ వంకర గీతను ఇప్పుడు బడి పిల్లల సైన్సు పుస్తకాల్లో కూడా వేస్తున్నారు. ఎడమ చివర నేలబారుగా మొదలై, నిక్కి నిక్కి లేచి, వెయ్యి కోట్ల ఏళ్ల కిందట శిఖరానికి చేరి, అక్కణ్ణుంచి ఇవాళ్టిదాకా జారుకుంటూ వస్తుంది. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో రెండు పేర్లుంటాయి. మొదటిది చక్రపాణి గారిది. రెండోది హిమజ, అంటే నేను. ఆ పేజీ కనిపిస్తే నేను పుస్తకం మూసేస్తాను. 

మొన్నొక కాలేజీ వాళ్లు పిలిచి శాలువా కప్పారు. ప్రిన్సిపాల్ గారు నన్ను నక్షత్రాల జాతకం రాసిన విదుషి అన్నాడు. ఆ మాటకే లేచి వచ్చేయాల్సింది, కూర్చున్నాను. ముందు వరసలో ఒకమ్మాయి లేచి, "దీని కోసం మీరు ఎంత కష్టపడ్డారు మేడమ్?" అని అడిగింది. "నేనేం కష్టపడలేదమ్మా, కష్టపడ్డవాళ్లు వేరే ఉన్నారు" అన్నాను. హాలంతా చప్పట్లతో మోగింది. వినయం అనుకున్నారు! ఇంక నోటితో చెబితే లాభం లేదని ఇది రాస్తున్నాను.

పాలబండ పరిశోధన కేంద్రం చిత్తూరు జిల్లా పడమటి మెట్టల్లో, టమాటా తోటల మధ్య ఒక బోడి గుట్ట మీద ఉండేది. అక్కడ మేం ఉపగ్రహాల్లో పంపడానికి తయారు చేసే వస్తువు ఒకటే. అరచేతి వెడల్పున, బొటనవేలి మందాన ఉండే తెల్లటి పారదర్శకమైన పలక. గామా కిరణం వచ్చి అందులో పడితే చిన్న మెరుపు మెరుస్తుంది. ఆ మెరుపును కొలిస్తే కిరణం బలమెంతో తెలుస్తుంది. ఇలాంటి స్ఫటికాలు కొత్తవి కావు. వాటిలో థాలియం అనే లోహాన్ని చిటికెడు కలుపుతారు. నేను చిటికెడు కాదు, మూడో వంతు కలిపాను. స్ఫటికం చిట్లకుండా అంత థాలియాన్ని పట్టి ఉంచే పద్ధతి నాకు దొరికింది. దాంతో కిరణం బలాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా చెప్పగలిగాం.

థాలియం విషమని నాకు తెలుసు. ఒకప్పుడు ఎలుకల మందులో వాడి, మనుషులు చస్తున్నారని మానేసిన సరుకది. కానీ స్ఫటికంలో బిగిసిపోయిన థాలియం బయటికి రాదని నేనే లెక్క కట్టాను, నేనే పత్రం రాశాను, నేనే నమ్మాను. మిశ్రమం రహస్యం కాబట్టి స్టోర్స్ రిజిస్టరులో దాని పేరు "ఏడో నంబరు ఉప్పు". పేటెంటు వచ్చేదాకా అసలు పేరు ఎవరి దగ్గరా పలకకూడదని నాచేతా చక్రపాణి గారిచేతా సంతకాలు పెట్టించారు.

పలకల్ని యంత్రంతో నునుపు చేస్తే పగిలిపోయేవి. చేత్తోనే, ముఖమల్ గుడ్డతో, రోజుల తరబడి రుద్దాలి. చుట్టుపక్కల పట్టు రీలింగ్ షెడ్లు మూతపడి ఆడవాళ్లు పని లేకుండా ఉన్నారు. పట్టుగూడు నుంచి కంటికి కనిపించని పోగును లాగిన వేళ్లవి. పదకొండు మందిని తీసుకున్నాం. వాళ్లందరికీ పెద్ద చెంగమ్మ. నలభై ఆరేళ్లుంటాయి. భర్త పోయాక కొడుకును చదివించుకుని, వాణ్ణి పోలీసు ఉద్యోగంలో చేర్పించిన మనిషి. నవ్వితే బుగ్గ మీద లోతుగా సొట్ట పడేది.

మొదటి ఉపగ్రహానికి చేసిన తొంభై ఆరు పలకల్నీ చేతొడుగులు వేసుకునే రుద్దారు. అవి తేలేసరికి రుద్దినవాటిలో సగానికి సగం సన్నటి గీతలతో పనికిరాకుండా పోయాయి. గీత ఉన్నట్టు మా పరికరంలో పెట్టి చూస్తే తప్ప తెలిసేది కాదు, తెలిసేసరికి ఆలస్యమయ్యేది. రెండో విడత మొదలైన రోజుల్లో ఒక ఉదయం నేను పాలిష్ గదిలోకి వెళ్లేసరికి చెంగమ్మ చేతొడుగులు పక్కన పెట్టి, పలకను కింది పెదవి మీద మెల్లగా జరుపుతోంది.

"ఏం చేస్తున్నావు చెంగమ్మా?" అన్నాను.

"గీత యాడుండాదో చూస్తా ఉండా మేడమ్. వేలికి తెలీనిది పెదివికి తెలుస్తాది. పట్టు పోగులో ముడి ఉంటే మేము ఇట్లనే చూసేవాళ్లం. ఇదో, ఈ మూల గరుగ్గా ఉండాది చూడండి."

ఆ పలకను తీసుకెళ్లి పరికరంలో పెట్టాను. సరిగ్గా ఆ మూలే గీత ఉంది. నాకు ఎంత సంతోషం వేసిందంటే, వెనక్కి పరిగెత్తుకొచ్చి ఆమె చేతులు పట్టుకున్నాను. చేతొడుగులు వేసుకొమ్మని అనలేదు. మర్నాడే పని పద్ధతుల పుస్తకంలో ఒక పేజీ చేర్చాను. "పెదవి పరీక్ష: ప్రతి పలకను చివరగా చేతొడుగులు లేకుండా, కింది పెదవికి ఆనించి పరీక్షించవలెను." కింద నా సంతకం. ఆ నెలలో ఒక్క పలక కూడా పాడు కాలేదు.

పనిలో చేరిన కొత్తలో, "ఇవి దేనికి మేడమ్?" అని వాళ్లు అడిగితే మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పాను. ఎక్కడో చాలా దూరాన కొన్ని నక్షత్ర మండలాలు గామా కిరణాల్ని చిమ్ముతుంటాయి. అవి మన దాకా రావాలంటే కోట్ల ఏళ్లు పడుతుంది. ఇప్పటిదాకా పుట్టిన నక్షత్రాలన్నీ వెలిగించిన వెలుగు ఆ దారంతా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆ వెలుగుకు గుద్దుకున్న గామా కిరణం మాయమైపోతుంది. ఏ బలం ఉన్న కిరణాలు ఎన్ని మాయమయ్యాయో కనిపెడితే, ఏ కాలంలో ఎంత వెలుగు ఉందో, అంటే ఎన్ని నక్షత్రాలు పుట్టాయో తెలిసిపోతుంది.

చెంగమ్మ ముద్ద నములుతూ ఆలోచించింది. "అంటే మీరు వచ్చినోళ్లను కాదు మేడమ్, రానోళ్లను చూసి తెలుసుకుంటారన్న మాట."

ఇంత బాగా నేను ఏ పత్రంలోనూ రాయలేదు. ఆ సాయంత్రమే చక్రపాణి గారికి చెప్పాను. ఆయన మా కేంద్రం డైరెక్టరు. వారం తిరక్కుండా ఒక పత్రిక వాళ్లతో, "మేము వచ్చిన కిరణాలను కాదు, రాని కిరణాలను చదువుతాం" అని తన మాటగా చెప్పేశాడు. ఆ మనిషికి ఏది దొరికినా అలా తనదైపోతుంది. పక్కన కూర్చుని నేను నవ్వుతూ తలాడించాను.

రెండో విడత మూడో నెలలో, ఒక సోమవారం, చెంగమ్మ నున్నగా గుండుతో పనిలోకి వచ్చింది. కొంగు తల మీంచి కప్పుకుంది. మా ప్రాంతంలో ఇది వింతేమీ కాదు. వారానికొకరు కొండకు వెళ్లి తలనీలాలిచ్చి వస్తూనే ఉంటారు. "ఏం చెంగమ్మా, మాకు చెప్పకుండానే కొండకు పోయొచ్చావే! లడ్డు ఏదీ?" అన్నాను. ఆమె నవ్వి, మూట విప్పి, పలకలు పట్టుకునే ఆ చేత్తోనే లడ్డు విరిచి నా చేతిలో పెట్టింది. కళ్లకద్దుకుని తిన్నాను.

తర్వాతి పది రోజుల్లో మరో నలుగురు గుండ్లతో వచ్చారు. వాళ్లలో రెడ్డెమ్మకు ఇరవై మూడేళ్లు. నడుము దాటే జడ ఉండేది. "నువ్వు కూడానా!" అంటే తల దించుకుంది. పక్కనున్నవాళ్లు ఏదో గుసగుసలాడుకున్నారు. మొక్కు కదా, అడగకూడదనుకున్నాను. అడిగి ఉంటే చెప్పేవాళ్లే. దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోందనీ, దిండు నిండా వెంట్రుకలేననీ, ఎట్లాగూ రాలిపోతున్నదాన్ని సామికే ఇచ్చేస్తే పుణ్యమైనా వస్తుందని చెంగమ్మే అందర్నీ బస్సెక్కించిందనీ తర్వాత తెలిసింది. రాలిపోయే జుట్టును దేవుడికిచ్చి మొక్కు తీర్చుకున్నట్టు కనబడ్డారు వాళ్లు. మేం చదువుకున్నవాళ్లం కూడా గుండు చూడగానే దణ్ణం పెట్టాం తప్ప ఎందుకని అడగలేదు.

చక్రపాణి గారయితే మురిసిపోయాడు. "మన ప్రయోగం సఫలం కావాలని మొక్కుకున్నారా అమ్మా?" అని అడిగాడు. వాళ్లు ఔనన్నట్టు నవ్వారు. ఆయన ఫోటోగ్రాఫర్ని పిలిపించి, ఐదుగురు గుండు ఆడవాళ్ల చేతికీ ఐదు పలకలిచ్చి, మధ్యలో తాను నిలబడి ఫోటో తీయించాడు. "ఇటు విజ్ఞానం, అటు భక్తి" అని శీర్షిక పెట్టి ఒక పత్రిక వేసింది. ఆ పేజీని ఆయన అద్దం కట్టించి రిసెప్షన్లో తగిలించాడు. ఆ ఫోటోలో రెడ్డెమ్మ ఒక కాలు నేల మీద పూర్తిగా మోపకుండా నిలబడి ఉంటుంది. అరికాళ్లు మండుతున్నాయని అప్పటికే ఆమె మధ్యాహ్నాలు తడి గోనెపట్టా మీద కాళ్లు పెట్టుకుని పని చేసేది. ఎండలు మండుతున్నాయి కదా అనుకున్నాం.

"ఉప్పంటారు గానీ, ఇది ఉప్పగా ఉండదే మేడమ్" అని ఒకసారి రెడ్డెమ్మే అంది. నేను పకపకా నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా నోరు నాకే రోత పుడుతుంది.

అప్పుడు మా ధ్యాసంతా మొదటి ఉపగ్రహం మీదే ఉంది. అది పంపిన వివరాలతో మొదటిసారి గీత గీశాం. శిఖరం స్పష్టంగా వచ్చింది. వెయ్యి కోట్ల ఏళ్ల కిందట నక్షత్రాలు ఎడాపెడా పుట్టాయి, ఇప్పుడు పుట్టేవి అందులో పదో వంతు కూడా లేవు. కానీ ఎడమ చివర, మొట్టమొదటి నక్షత్రాలు పుట్టిన భాగం, అలికేసినట్టు మసగ్గా ఉంది. చీకట్లో మొదటి దీపం ఎప్పుడు వెలిగిందో అక్కడ ఉంది. ఆ మసక వీడాలంటే రెండో ఉపగ్రహం వెళ్లాలి. దానికి నూట నలభై నాలుగు పలకలు కావాలి. ప్రయోగం తేదీ ఖాయమైపోయింది. ఇంకా పదిహేడు పలకలు రుద్దాల్సి ఉంది.

అలాంటప్పుడు ఒక మంగళవారం చెంగమ్మ పనిలోకి రాలేదు. ముందురోజు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతే టౌనులో ఆసుపత్రిలో చేర్చారని రెడ్డెమ్మ చెప్పింది. చివరి పరీక్ష చెంగమ్మ చేస్తేనే నాకు నమ్మకం, ఎప్పుడొస్తుందో కనుక్కుందామని వెళ్లాను. ఆమెను చూడాలని కాదు, ఎప్పుడొస్తుందో కనుక్కుందామని. ఉన్న మాట చెప్పాలి కదా.

నేను వెళ్లేసరికి ఆమె బాత్రూం నుంచి గోడ పట్టుకుని నడిచి వస్తోంది. మంచం మీద కూర్చుని దుప్పటిని పక్కకు తోసేసింది. "అది తగిలినా కాళ్లకు నిప్పు పెట్టినట్టుండాది మేడమ్" అంది. దగ్గరగా కూర్చున్నాను. ముఖంలో ఏదో లోటు కనిపించింది. ఏమిటో వెంటనే తెలియలేదు. తర్వాత తెలిసింది. కనుబొమ్మలు లేవు.

కొండ మీద కనుబొమ్మలు తీయరు.

 ఆమె చెయ్యి తీసుకుని చూశాను. గోళ్ల మీద అడ్డంగా తెల్లటి చారలు. పుస్తకంలో చదివినవన్నీ ఒక్క మనిషి మీద వరసగా కనిపించాయి. కడుపునొప్పి, అరికాళ్ల మంట, రాలిన జుట్టు, గోళ్ల మీద గీతలు. బయటికి రాదని నేను లెక్క కట్టింది పొడి స్ఫటికానికి. పెదవి మీద ఉమ్మి ఉంటుందని నా లెక్కలో లేదు.

వార్డు బయట డాక్టర్ షాహీన్ నన్ను ఆపింది. ముప్పై ఏళ్లుండవు, కళ్లకింద నల్లటి చారలు. "మీరు ఆ పరిశోధన కేంద్రం వాళ్లే కదండీ? ఈమెకు టైఫాయిడ్ కాదు, నరాల జబ్బంటే అన్నీ సరిపోవడం లేదు. పనిలో ఏదో రాయి రుద్దుతామంటోంది. ఆ రాయిలో ఏముంది?"

"ఒక రకం ఉప్పు" అన్నాను.

"ఏ ఉప్పండీ?"

"డైరెక్టర్ గారిని అడిగి చెబుతాను."

ఆమె నన్ను ఒక క్షణం చూసింది. "త్వరగా చెప్పండి, ప్లీజ్. ఏం మందివ్వాలో తెలీక చేతులు కట్టేసినట్టుంది" అంది. నేను చెప్పాల్సింది ఒక్క మాట. మూడక్షరాలు. దానికి విరుగుడు కూడా ఉంది, గుళికలు, నీలం రంగువి, వేసుకుంటే విషాన్ని పట్టుకుని పేగుల్లోంచి బయటికి తీసుకుపోతాయి. అదీ నాకు తెలుసు. బయటికొచ్చి కారెక్కాను.

చక్రపాణి గారు తన గదిలో పెసరట్టు తింటున్నాడు. చెప్పినదంతా తింటూనే విన్నాడు. అల్లం చట్నీ మీసానికి అంటుకుంది, నాలుకతో తుడుచుకున్నాడు.

"అది థాలియమే అని నీకెలా తెలుసమ్మా? నువ్వేమన్నా డాక్టరువా?"

"సార్, కనుబొమ్మలు కూడా పోయాయి. ఐదుగురికి జుట్టు రాలింది. వాళ్లు కొండకు వెళ్లింది మొక్కుకని కాదు."

"వాళ్లు చెప్పారా?"

"ఇప్పుడే రెడ్డెమ్మను అడిగి వస్తున్నాను."

ఆయన చెయ్యి కడుక్కొచ్చి, తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటూ మాట్లాడాడు. "పేటెంటు నెలాఖరుకు వస్తుంది. అంతలో మిశ్రమం పేరు ఆసుపత్రి కాగితాల మీదికెక్కితే ఎక్కడికి పోతుందో నీకు తెలుసు. పలకలు పన్నెండు రోజుల్లో పంపాలి. ఇవాళ్టి నుంచి అందరికీ చేతొడుగులు ఇద్దాం, పెదవి సంగతి ఆపేద్దాం. ఆమెను మంచి చోట చూపిద్దాం. ఏ డాక్టరైనా కనుక్కుంటాడులే, మనం చెప్పక్కర్లేదు."

"అప్పటిదాకా?"

"హిమజా," అని సొరుగులోంచి పని పద్ధతుల పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి నా వైపు తిప్పాడు. "పెదవికి ఆనించవలెను అన్నది నేను రాయలేదమ్మా."

అక్కడ నా సంతకం ఉంది. చక్కగా, గుండ్రంగా.

ఇక్కడ నేను ఆయన్ని తిట్టి చేతులు దులుపుకోవచ్చు. చాలామంది అలాగే అనుకుంటారు కూడా, పాపం బెదిరించాడని. బెదిరింపు చిన్నదే. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నేను ఏం ఆలోచించానో చెబుతాను. మిగిలినవి పదిహేడు పలకలు, పంపాల్సిన రోజుకు పన్నెండు రోజులు, ఇప్పుడు నోరు విప్పితే గది మూసేస్తారు, మసక అలాగే ఉండిపోతుంది అని ఆలోచించాను. చెంగమ్మ గట్టి మనిషి, పది రోజులకేం కాదు అని ఆలోచించాను. ఒక నక్షత్రం పుట్టుకను చూడ్డం కోసం ఒక మనిషిని మంచం మీద వదిలెయ్యవచ్చునని నాకు ఎవరూ నేర్పలేదు. దానంతటదే వచ్చింది.

బుధ, గురు, శుక్ర. పాలిష్ గదిలో చేతొడుగులు వేసుకున్నారు. పలకలు పాడవడం మొదలైంది. శనివారం ఆరింటిలో మూడు పోయాయి. ఆదివారం కూడా పని పెట్టారు. సోమవారం నేను వెళ్లేసరికి రెడ్డెమ్మ తలుపు వైపు వీపు పెట్టి, చేతొడుగు తీసేసి, పలకను పెదవికి ఆనించుకుంటోంది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"వద్దన్నారుగానీ మేడమ్, చెంగమ్మక్క లేదు గదా. పలకలు పాడైతే మీకు మాటొస్తాదని..." అంది.

నా కోసమట! లాక్కుని నేలకేసి కొట్టాల్సింది. ఆ పలకను ఆమె చేతిలోంచి తీసుకున్నాను. పట్టుకెళ్లి పరికరంలో పెట్టాను. ఒక్క గీత కూడా లేదు. దాన్ని పత్తి పరిచిన పెట్టెలో సర్దాను.  రెడ్డెమ్మతో మాత్రం, "ఇంకెప్పుడూ అలా చెయ్యకు" అన్నాను. ఎందుకో చెప్పలేదు.

గురువారం పొద్దున చివరి పలక పెట్టెలోకి వెళ్లింది. లారీ గుట్ట దిగింది. అది మలుపు తిరిగి కనబడకుండా పోయాకే నేను కారు తీశాను. నా ధైర్యం ఆ లారీ వెళ్లాకే వచ్చింది మరి! ఆసుపత్రిలో డాక్టర్ షాహీన్ ఓపీ గదిలో ఉంది. చీటీ ఒకటి తీసుకుని వెనకవైపు మిశ్రమం మొత్తం, పాళ్లతో సహా రాసి ఇచ్చాను.

ఆమె చదివింది. మళ్లీ చదివింది. "ఇది మీకెప్పుడు తెలిసింది?"

"పోయిన వారం మంగళవారం."

"నేను మిమ్మల్ని అడిగిన రోజు." అంతే అంది. తిట్టలేదు. నా మీంచి చూపు తిప్పేసి, కుర్చీ వెనక్కి తోసి, ఫోను అందుకుంది. మందు చెన్నై నుంచి రావాలి. అది ఎక్కడుందో, ఎవరు తెస్తారో అడుగుతూ ఆమె కారిడార్లో పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడి ఉంటే ఆయా ఒకామె, "పక్కకు జరగమ్మా, తుడవాల" అని నన్ను తోసుకుని వెళ్లింది.

నీలం గుళికలు మర్నాటికి వచ్చాయి. పదకొండు మందికీ ఇచ్చారు. పది మంది లేచారు. రెడ్డెమ్మకు ఆరు నెలలకు జుట్టొచ్చింది. చెంగమ్మ ప్రాణం నిలిచింది. నూట నలభై నాలుగు పలకల్లో నూట ఇరవైకి పైగా చివరి పరీక్ష ఆమెదే. అందుకే విషమంతా ఆమెకే ఎక్కువ ఎక్కింది.

విచారణ సంఘం ఒకటి వేశారు. "కార్మికుల అపరిశుభ్రమైన సొంత అలవాట్లు" కారణమని తేల్చింది. చక్రపాణి గారు ఇచ్చిన పని పద్ధతుల పుస్తకంలో ఆ పేజీ లేదు. నా దగ్గరున్న నకలు నేనే పట్టుకెళ్లి, సంతకం నాదేనని చెప్పాను. పెద్దాయన ఒకరు కళ్లద్దాల మీంచి చూసి, "నమోదు చేసుకున్నామమ్మా" అని కాగితాన్ని నాకే తిరిగిచ్చారు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. ఉపగ్రహం అనుకున్న రోజుకే ఎగిరింది. ఏడాదిన్నరకు మసక వీడింది. మొట్టమొదటి నక్షత్రాలు మనం అనుకున్నదానికంటే చాలా ముందే వెలిగాయని తేలింది. దానికి చక్రపాణి గారికి పెద్ద బహుమతి వచ్చింది. వేదిక మీద ఆయన, "మేము రానివాళ్లను చదివాం" అన్నాడు, ఆ మాటకు గొంతు కూడా వణికించాడు. పత్రం మీంచి నా పేరు తీసేయమని ఒకసారి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రెండోసారి రాయలేదు. ఎందుకు రాయలేదో నాకు తెలుసు. మీకూ అర్థమయ్యే ఉంటుంది.

మసక వీడిందన్న వార్త పేపర్లో పడ్డ మర్నాడు చెంగమ్మ ఇంటికి వెళ్లాను. అప్పటిదాకా వెళ్లే మొహం లేదు. కొడుకు డ్యూటీకి పోయాడు, కోడలు పెరట్లో బట్టలు ఉతుకుతోంది. చెంగమ్మ వసారాలో నులక మంచం మీద గోడకు చేరబడి ఉంది. కాళ్లు సన్నగా, ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టున్నాయి. కళ్లు నా వైపు తిరిగాయి గానీ నా మీద నిలవలేదు.

"ఎవురు?"

"నేను చెంగమ్మా. హిమజను."

"మేడమా! రాండి, కూచోండి. ఒసే, మేడమ్‌కు కాఫీ పెట్టు." మళ్లీ నా వైపు తిరిగి, "మా వాడు పేపరు చదివి చెప్పినాడు. ఆ పలకలు పనికొచ్చినాయంట గదా" అంది.

"వచ్చాయి."

"నిండా సంతోషం."

ఆమె నిజంగానే సంతోషించింది. అది భరించలేక నేను చెప్పేశాను. ఏడో నంబరు ఉప్పు అంటే ఏమిటో, పెదవి పరీక్ష పేజీ ఎవరు రాశారో, తొమ్మిది రోజులు నేనెలా నోరు మెదపకుండా ఉన్నానో, లారీ వెళ్లేదాకా ఎలా ఆగానో. ఏదీ దాచలేదు. ఏడవలేదు కూడా, ఏడిస్తే ఆమె ఓదారుస్తుందని భయమేసింది.

 కోడలు కాఫీ తెచ్చి మంచం పక్కన పెట్టి వెళ్లింది.

"నీకు ఎప్పుడు తెలిసినాది?" అంది చెంగమ్మ. నన్ను ఏకవచనంలో పిలవడం అదే మొదలు.

"నిన్ను చూడ్డానికి ఆసుపత్రికి వచ్చిన రోజు. మంగళవారం."

"మంగళారం." ఆమె తల గోడకు ఆనించింది. "మంగళారం నేను నడిచి బాత్రూంకు పోయినా. నువ్వు చూస్తివి గదా. గురువారం పొద్దున ఎడం కాలు లేవలా. శుక్రారం కుడిది. ఆదివారం దాకా గలాసు పట్టుకుని తాగినా. సోమారం మావాడు తాపించినాడు. బుధారం సందేళ వాడి మొగం మసగ్గా అయిపాయ. లైటు పోయిందేమో అనుకున్యా. అడిగితే లైటు వెలుగుతానే ఉంది అన్నాడు. నువ్వు చెప్పింది యారోజు?"

"గురువారం."

"ఊఁ" అంది. లెక్క సరిపోయిందన్నట్టు తలాడించింది. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది, కోపాన్ని పట్టుకుని ఎలాగోలా ఇంటికి చేరేదాన్ని. నేను లేచి నిలబడ్డాను. కాఫీ గ్లాసు ఎత్తబోతే అది నేలకు గీసుకుని చప్పుడైంది.

"అది పెట్టెయ్" అంది చెంగమ్మ. "నువ్వు తాగితే మా కోడలు ఇంకో మారు కడగాల."